విరిగితే ఒక ముక్కే పోతుంది: కొయ్యతో టేక్‌డౌన్ విల్లు

టేక్‌డౌన్ విల్లు అంటే విప్పి ముక్కలుగా సంచిలో పెట్టుకునే విల్లు. అది ఎందుకు అని అడిగితే ఎవరైనా మొదట చెప్పేది ప్రయాణాల గురించే. ఆరడుగుల కర్రని బండిలో ఎటు పెట్టినా అడ్డమే, విప్పేస్తే మూడడుగుల్లోపు సంచిలో సర్దుకుంటుంది. నిజమే, కాదనను. కానీ ఇంట్లో సొంతంగా కొయ్య విల్లు చేసుకునేవాళ్లకి అసలు లాభం వేరే చోట ఉందని నా అభిప్రాయం. ఆరడుగుల పొడవునా ఒక్క ముడి లేకుండా, గ్రెయిన్ (చెక్కలో పీచు నడిచే గీతలు) పక్కకి జారిపోకుండా ఉండే చెక్క దొరకడం గగనం, అదే మూడడుగుల లోపు ముక్కలు కావాలంటే ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. పైగా చెక్క విల్లు అన్నాక ఏదో ఒకరోజు విరగొచ్చు, ఎంత బాగా చేసినా సరే. ఒకే కర్రతో చేసినదైతే ఆ రోజు పడ్డ కష్టమంతా పొయ్యిలోకే. మూడు ముక్కలదైతే ఒక లింబ్ (పిడికి అటూ ఇటూ ఉండే వంగే చెయ్యి) పోతుంది, అంతే. పిడి ఉంటుంది, రెండో లింబ్ ఉంటుంది, బోల్టులు ఉంటాయి, మళ్లీ ఒక చెక్క తీసుకుని కూర్చోవచ్చు. అందుకే కింద చెప్పే ప్రతి కొలతా, ప్రతి జాగ్రత్తా ఈ ఒక్క ఆలోచన చుట్టూనే తిరుగుతుంది: పోయిన ముక్కని మార్చుకోగలగాలి.

రెండు ముక్కలా మూడా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండు ముక్కల విల్లులో పిడి దగ్గర ఒక గొట్టం ఉంటుంది, ఒక సగం రెండో సగంలోకి దూరుతుంది. ఇది పాత పద్ధతే, గుర్రపు బళ్లలో తీసుకెళ్లడానికి వీలుగా ఉండేవని వీటికి క్యారేజ్ బో అనే పేరు కూడా ఉంది. ఇందులో సుఖం ఏమిటంటే మామూలు విల్లులాగే మొత్తం చేసేసుకుని, వంపు సరిచూసుకుని, చివర్లో పిడి మధ్యకి కోసి గొట్టం తొడగొచ్చు. ఇనప గొట్టాలు రెడీమేడ్‌గా దొరుకుతాయి, లేదంటే ఫైబర్‌గ్లాస్ గుడ్డని ఎపాక్సీ జిగురులో తడిపి పిడికే చుట్టి గట్టిపడనిచ్చి సాకెట్ తయారు చేసుకోవచ్చు. చూడ్డానికి ఇదే అందంగా ఉంటుంది, బోల్టులు ఏవీ కనబడవు. అయినా నేను మూడు ముక్కల వైపే ఉంటాను. రెండు ముక్కల దాంట్లో ఒక సగం విరిగితే దాంతోపాటు సగం పిడి కూడా పోతుంది, కొత్త సగాన్ని పాత గొట్టానికి వదులు లేకుండా, బిగుసుకుపోకుండా సరిపోయేలా చెక్కడమంత విసుగు పని ఇంకోటి లేదు.

ఇక పొడవు. ఇక్కడే చాలామంది ఫ్యాక్టరీ విళ్లు చూసి మోసపోతారు. కొనే టేక్‌డౌన్‌లు 60, 62 అంగుళాలకే ఉంటాయి కదా, మనమూ అంతే చేద్దాం అనుకుంటారు. వాటి లింబ్‌ల్లో రెండు వైపులా ఫైబర్‌గ్లాస్ పొర ఉంటుంది, అది చాలా ఎక్కువ వంపుని తట్టుకుంటుంది. ఉత్త కొయ్య తట్టుకోదు. కొయ్యకి నేను పెట్టుకున్న లెక్క ఒకటే: వంగే భాగం మొత్తం కలిపి, మీరు లాగే పొడవుకి రెట్టింపు ఉండాలి. 28 అంగుళాలు లాగేవాళ్లకి 56 అంగుళాల వంగే కొయ్య కావాలి. టేక్‌డౌన్‌లో ఇబ్బంది ఏమిటంటే వంగని భాగం మామూలు విల్లు కంటే పెద్దది. నేను పిడిని 14 అంగుళాలు పెడతాను, రెండు చివర్లా మూడేసి అంగుళాలు లింబ్ కూర్చునే ప్యాడ్‌లు, మధ్యలో మిగిలిన ఎనిమిదిలో చెయ్యి పట్టే చోటు, బాణం ఆనే గట్టు. ప్యాడ్ అంచు దాటాక ఇంకో అంగుళం దాకా లింబ్ వంగదు, అలా మొత్తం 16 అంగుళాలు కదలని కొయ్య అవుతుంది. 56కి 16 కలిపితే 72 అంగుళాలు, అంటే ఆరడుగులు. దీనికి ఒక్కో లింబ్ 32 అంగుళాలు రావాలి. పొడుగ్గా ఉందనిపిస్తుంది, కానీ విప్పి పెట్టుకునేదానికి పొడుగుతో పేచీ ఏముంది? సంచిలో పెద్ద ముక్క 32 అంగుళాలే కదా.

చెక్క విషయానికొస్తే, విల్లు లాగినప్పుడు లక్ష్యం వైపు ఉండే ముఖం సాగుతుంది, దాన్ని వీపు అందాం. మన వైపు ఉండేది నొక్కుకుంటుంది, అది కడుపు. విరగడం దాదాపు ఎప్పుడూ వీపు మీద మొదలవుతుంది, అదీ గ్రెయిన్ గీత పలక అంచు దాటి బయటికి పోయిన చోట. హికరీ, ఆష్, మేపుల్, రెడ్ ఓక్ పలకలు ఈ పనికి వస్తాయి, ఇందులో హికరీ సాగడానికి అన్నిటికంటే ఓర్పు ఎక్కువ. చెక్క పేరు కంటే గీతలు నిటారుగా ఉండటం ముఖ్యమని నేను ఎవరికైనా చెబుతాను, వంకర గ్రెయిన్ హికరీ కంటే తిన్నని గ్రెయిన్ రెడ్ ఓక్ నయం. గీతలు కంటికి సరిగ్గా ఆనకపోతే ఒక చిట్కా ఉంది, చెక్క మీద సిరా చుక్క ఒకటి పెట్టండి, అది పీచు వెంబడే పాకుతుంది. పాకిన గీత పలక అంచుకి సమాంతరంగా ఉంటే తీసుకోండి, పక్కకి వాలిందా, వదిలేయండి. పలక ముఖం మీదే కాకుండా పక్క అంచు మీద కూడా ఇలా చూడాలి, రెండో దాన్ని చాలామంది మర్చిపోతారు. తేమ 8 నుంచి 10 శాతం మధ్య ఉంటే మంచిది. తేమ మీటర్ లేనివాళ్లు పలకని తూకం వేస్తూ ఉండొచ్చు, రోజులు గడిచినా బరువు తగ్గడం ఆగిందంటే అది ఆ గది గాలికి తగ్గట్టు ఆరిపోయినట్టే.

రెండు లింబ్‌లూ ఒకే పలకలోంచి, పక్కపక్కన కోసినవే కావాలి. వేర్వేరు పలకలైతే ఒకటి మెత్తగా ఒకటి గట్టిగా వచ్చి, మందం సమానంగా ఉన్నా వంపు సమానంగా రాదు. కోసేటప్పుడే మూడో ముక్క కూడా కోసి, మీద తేదీ రాసి అటక మీద పడేయండి. రేపు విరిగేది ఏ లింబో తెలీదు కానీ దాని తోబుట్టువు సిద్ధంగా ఉంటుంది.

పిడికి ఏదైనా గట్టి చెక్క చాలు, రెండు మూడు పలకలు అతికించి చేసుకుంటే ఇంకా మేలు, రంగులు కలిసి అందంగా కూడా ఉంటుంది. ఇపే, టేకు లాంటి నూనె చెక్కలైతే జిగురు పూసే ముందు అసిటోన్‌తో తుడవాలి, లేకపోతే ఎపాక్సీ పైపైనే ఉండిపోయి ఎప్పుడో ఒకసారి పొరలా లేచొస్తుంది. పిడి ఆకారం గురించి ఎక్కువ చెప్పను, మీ చెయ్యికి తగ్గట్టు ఆకురాయితో అరగదీసుకోవడమే.

పని అంతా ప్యాడ్‌ల దగ్గరుంది. ప్యాడ్ పిడికి లక్ష్యం వైపు ముఖం మీద ఉండాలి, లింబ్ దాని మీద కూర్చుంటుంది. పూర్తిగా చదునుగా పెట్టొచ్చు, లేదా చివరలు కొద్దిగా ముందుకి వాలేలా మూడు నాలుగు డిగ్రీల వాలు ఇవ్వొచ్చు. కొయ్య లింబ్ కొన్నాళ్లకి ఎలాగూ మన వైపు కొంచెం వంగి ఉండిపోతుంది, ఆ వాలు దాన్ని సరిపెడుతుంది. ప్యాడ్ అంచు నుంచి కొప్పు (లింబ్ చివర నారి తగిలించే చోటు) దాకా 29 అంగుళాలు ఉంది కాబట్టి, ప్యాడ్‌లో ఒక్క డిగ్రీ తేడా వస్తే కొప్పు దగ్గర అరంగుళం తేడా వస్తుంది. పైకీ కిందకే కాదు, పక్కకి కూడా. ప్యాడ్ పక్కవాటంగా ఒక డిగ్రీ వాలితే లింబ్ మెలితిరిగినట్టు నిలబడి నారి పిడి మధ్యగా పోదు. అందుకే ప్యాడ్‌లు రెండూ కోసేవరకు పిడికి ఇంకే ఆకారం ఇవ్వకూడదు. నాలుగు పలకలుగా, మూలమట్టానికి దొరికేలా ఉన్నప్పుడే ప్యాడ్‌లు కోసి, రంధ్రాలు వేసి, లింబ్ ముక్కలు బిగించి, ఒక దారం ఈ కొప్పు నుంచి ఆ కొప్పుకి లాగి పట్టి చూసి, సరిపోయిందనుకున్నాకే గుండ్రాలు తియ్యాలి. చిన్న తేడా ఉంటే ప్యాడ్ మీద పల్చటి చెక్క పొర అతికించి సరిచేయొచ్చు.

ఇప్పుడు బోల్టు. దీని గురించి కాస్త ఆగి లెక్క వేసుకోవడం అవసరం, ఎందుకంటే 40 పౌండ్ల విల్లు (పూర్తిగా లాగడానికి 40 పౌండ్ల బలం పట్టేది) కదా, బోల్టు మీద 20 పౌండ్లో 40 పౌండ్లో పడుతుందని అనుకుంటాం. అలా కాదు. నారి లాగితే కొప్పు మన వైపు వస్తుంది, లింబ్ ప్యాడ్ బయటి అంచు మీద తూగుతుంది, దాని మొదలు లక్ష్యం వైపు లేవాలని చూస్తుంది, దాన్ని బోల్టు తల అణిచి పట్టుకుంటుంది. గునపంతో బండ లేపినట్టే, పొడుగు చెయ్యి ఒకవైపు, పొట్టి చెయ్యి ఇంకోవైపు. 72 అంగుళాల విల్లుని 40 పౌండ్ల దాకా లాగినప్పుడు ప్యాడ్ అంచు దగ్గర వంచే బలం ఉజ్జాయింపుగా వెయ్యి అంగుళం-పౌండ్లు (బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది) వస్తుంది. బోల్టు ఆ అంచుకి రెండుంబావు అంగుళాల దూరంలో ఉంటే దాని మీద పడేది సుమారు 450 పౌండ్లు. అదే బోల్టుని అంచుకి ఒక్క అంగుళం దూరంలో పెట్టారనుకోండి, వెయ్యి దాకా పడుతుంది. కాబట్టి బోల్టుని వీలైనంత లోపలికి, లింబ్ మొదలు వైపుకి జరపాలి. ఇంకో లాభం కూడా ఉంది. వంపు బలం అత్యధికంగా ఉండేది ప్యాడ్ అంచు దగ్గర, అక్కణ్ణుంచి బోల్టు దాకా తగ్గుకుంటూ వస్తుంది. బోల్టు లోపల ఉంటే దాని రంధ్రం పడేది లింబ్‌లో వంపు బలం దాదాపు లేని చోట. అంచు దగ్గర రంధ్రం వేస్తే మాత్రం ఫెళ్లున విరిగేది సరిగ్గా అక్కడే.

ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు, అంటే ఎమ్8, ఈ బరువుకి తెగదు, ఆ భయం అక్కర్లేదు. నలిగేది చెక్క. బోల్టు తల కింద కనీసం అంగుళం వెడల్పు ఉన్న మందపాటి వాషర్ పెట్టకపోతే తల మెల్లిమెల్లిగా చెక్కలోకి దిగబడుతుంది, మీరు బిగిస్తూనే ఉంటారు, అది దిగుతూనే ఉంటుంది. రెండో చివర, పిడిలోకి దిగే, లోపల మరలున్న ఇత్తడి గొట్టం (ఇన్సర్ట్) వాడతారు కొందరు. నాకది నచ్చదు, ఎందుకంటే బలం దాన్ని పిడిలోంచి బయటికి లాగే దిశలో పడుతుంది. రంధ్రం ఆరపార వేసి, మన వైపు ముఖంలో గుంట తీసి, అందులో టీ-నట్ (చెక్కకి ఆనే వెడల్పు అంచున్న నట్టు) కూర్చోబెడితే అదే బలం నట్టుని చెక్కలోకి ఇంకా గట్టిగా అదుముతుంది. ఖర్చు తక్కువ, బెంగ అంతకన్నా తక్కువ.

ఒక్క బోల్టుతోనే బిగిస్తే లింబ్ దాని చుట్టూ తిరుగుతుంది కాబట్టి పక్కకి జరక్కుండా ఒక స్టీలు పిన్ కావాలి. పిన్ బోల్టుకి ఎంత దూరంగా ఉంటే అంత కదలకుండా పట్టుకుంటుంది, కానీ దూరం అంటే ప్యాడ్ అంచు వైపుకే వెళ్లాలి, అక్కడ రంధ్రం వద్దని ఇప్పుడే అన్నాను. దీనికి దారి లింబ్ మొదలుకి అతికించే చీలిక ముక్కలో ఉంది. లింబ్ మొదట్లో, కడుపు వైపు, అంటే ప్యాడ్‌కి ఆనే వైపు, ముప్పావు అంగుళం మందంతో మొదలై పల్చబడుతూ పోయే చీలిక ఆకారపు చెక్క ఒకటి అతికిస్తాం. పిన్ రంధ్రం ఆ చీలికలోనే, ఎనిమిది పది మిల్లీమీటర్ల లోతుకి ఆపేస్తాం. అసలు లింబ్ చెక్కకి అది తగలదు, వీపు చెక్కుచెదరదు.

ఈ చీలిక పల్చబడే చివర గురించి ఇంకో మాట. దాన్ని గట్టుగా ఆపకూడదు, కాగితం అంత పల్చగా అయ్యేవరకు చిత్రిక పట్టి, ఆ చివరి అంగుళం లింబ్‌తోపాటు కొద్దిగా వంగేలా వదలాలి. మందంగా ఆపితే లింబ్ వంగుతుంది, చీలిక వంగనంటుంది, మధ్యలో ఉన్న జిగురు నలిగిపోతుంది. చిన్నగా 'టిక్' అని వినిపిస్తుంది, వేలి గోరు పెట్టి చూస్తే జిగురు గీత తల వెంట్రుక అంత తెరుచుకుని ఉంటుంది. ఆ శబ్దం వినగానే లాగడం ఆపి నారి దించెయ్యాలి. పల్చటి సూపర్ గ్లూ లోపలికి పోసి, మీద దారం గట్టిగా చుట్టి జిగురు పూస్తే కొన్నిసార్లు నిలబడుతుంది, నిలబడకపోతే అటక మీద మూడో ముక్క ఉండనే ఉంది.

లింబ్ ఆకారం తేలిక. ఒకటిముప్పావు అంగుళం వెడల్పుతో సగం దాకా వచ్చి, అక్కణ్ణుంచి కొప్పు దగ్గర అరంగుళానికి సన్నబడాలి. మందం అరంగుళంతో మొదలుపెట్టి చివరికి వచ్చేసరికి కాస్త తక్కువ. వెడల్పు సగానికి తగ్గిస్తే గట్టిదనం సగానికే తగ్గుతుంది, కానీ మందం అలా కాదు, దాని ఘనంతో లెక్క. అరంగుళం మందంలో పదో వంతు, అంటే ఒకటింబావు మిల్లీమీటర్లు తీసేస్తే గట్టిదనంలో 27 శాతం ఎగిరిపోతుంది. చిత్రికతో నాలుగు లాగులు ఎక్కువ లాగితే 40 పౌండ్ల విల్లు 30కి వచ్చి కూర్చుంటుంది. కాబట్టి చివరి మిల్లీమీటరు చిత్రిక జోలికి పోకుండా స్క్రేపర్‌తోనే (పల్చగా గీకే ఉక్కు రేకు) తియ్యాలి, తీసినా కడుపు వైపే. వీపుని సాండ్‌పేపర్‌తో నునుపు చేసి అంచులు గుండ్రం చెయ్యడం తప్ప ముట్టుకోకూడదు. రెడ్ ఓక్ లాంటి వాటికి వీపు మీద నార బట్ట అతికిస్తే పేళ్లు లేవకుండా పట్టుకుంటుంది.

టిల్లరింగ్, అంటే రెండు లింబ్‌లూ ఒకేలా, ఎక్కడా మడత పడినట్టు లేకుండా వంగేలా చెయ్యడం, దీంట్లో టేక్‌డౌన్ ఇచ్చే సౌకర్యం ఒకే కర్ర విల్లు ఇవ్వదు. నారి ఎక్కించక ముందే పిడిని బల్లకి క్లాంప్ చేసి, ఒక లింబ్ బిగించి, కొప్పుకి రెండు కిలోల బరువు వేలాడదీసి ఎంత కిందికి వంగిందో స్కేలుతో కొలవండి. అది విప్పి, అదే ప్యాడ్ మీద రెండోది బిగించి మళ్లీ కొలవండి. రెంటి మధ్య తేడా రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చేదాకా గట్టిగా ఉన్నదాన్ని గీకుతూ పొండి. దీంతో సగం టెన్షన్ పోతుంది. తర్వాత పొడుగు నారితో గోడకి కట్టిన గూటం మీద పెట్టి, కప్పీ మీదుగా తాడు లాగుతూ దూరం నుంచి వంపు చూడాలి. కంటిని నమ్మొద్దు, వెనక గోడ మీద గళ్లు గీసుకుని ఫోన్‌తో ఫోటో తీసి చూస్తే ఏ లింబ్ బద్ధకిస్తోందో తెలిసిపోతుంది. గీకిన ప్రతిసారీ ఇరవై ముప్పై సార్లు సగం దాకా లాగి వదిలాకే కొత్త వంపు బయటపడుతుంది. ఎప్పుడూ అనుకున్న బరువు మించి లాగకండి. 40 అనుకుంటే, 20 అంగుళాల దగ్గరే 40 వచ్చేసిందంటే అక్కడే ఆగి గీకాలి తప్ప 28 దాకా లాగి చూద్దాం అనుకోకూడదు. కింది లింబ్ పై దానికంటే పిసరంత గట్టిగా, నారి నుంచి ప్యాడ్ దగ్గర కొలిస్తే మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు తక్కువ దూరం వచ్చేలా ఉంచడం ఆనవాయితీ. ఏది పైది, ఏది కిందిది అన్నది మొదట్లోనే లింబ్‌కి ప్యాడ్‌ని ఆనే ముఖం మీద రాసిపెట్టుకోండి, పాలిష్ అయ్యాక రెండూ ఒకేలా కనబడతాయి.

నారికి డాక్రాన్ (పాలిస్టర్ దారం) పన్నెండు పోగులు 40 పౌండ్లకి సరిపోతుంది, కాస్త సాగే గుణం ఉండటం కొయ్య కొప్పులకి మంచిది. ఎక్కించినప్పుడు పిడికీ నారికీ మధ్య ఆరు, ఆరున్నర అంగుళాలు. వార్నిష్ వేసేటప్పుడు బోల్టు రంధ్రం లోపలి గోడలకి కూడా పట్టించండి, బయటంతా మెరిపించి లోపల వదిలేస్తే తేమ అక్కణ్ణుంచే పోతుంది. కిర్రుమనకుండా ప్యాడ్ మీద తోలు ముక్క వేస్తారు కొందరు, తోలు ఒక్కోవైపు ఒక్కోలా నొక్కుకుని కష్టపడి సరిచేసిన వంపుని పాడుచేస్తుంది, కాస్త మైనం రుద్దితే చాలు. ఇక భద్రత: నారి ఎక్కి ఉండగా బోల్టు ముట్టుకోకండి, దించాకే వదులు చెయ్యాలి. ఎక్కించే ముందు ప్రతిసారీ బోల్టులు చేత్తో తిప్పి చూడాలి. బాణం లేకుండా లాగి వదలొద్దు, సరదాకి ఎవరైనా చేతిలోకి తీసుకున్నా ముందు ఈ మాటే చెప్పండి.

ప్రస్తుతం నా పిడికి రెండో జత చేస్తున్నాను, ఈసారి వీపుకి వెదురు పట్టీ అతికించి. వెదురు సాగడంలో గట్టిది కాబట్టి కడుపు చెక్క నలగకుండా చూసుకోవాలి, పట్టీ మూడు మిల్లీమీటర్లకి మించకుండా చిత్రిక పడుతున్నాను. మొదలు దగ్గర మొత్తం మందం మాత్రం పాత జతతో సమానంగా ఉంచాలి, అప్పుడే అవే బోల్టులు సరిపోతాయి, పిన్ కూడా అదే చోట పడుతుంది, పిడిలో కొత్తగా ఏదీ మార్చక్కర్లేదు.